వచ్చిన కారణం

సోమవారం పొద్దున వచ్చిన ఉత్తరాన్ని మరదలు నిలబడి ఒకసారి, కుర్చీ లాక్కుని కూర్చుని ఇంకోసారి చదివింది. నలుగురు డాక్టర్లు కలిసి నడుపుతున్న ఒక క్లినిక్ నుంచి వచ్చిందది. మెడికల్ అడ్మినిస్ట్రేటివ్ అసిస్టెంట్ ఉద్యోగానికి మీ దరఖాస్తు అందింది, వచ్చే వారం గురువారం పదకొండు గంటలకు ఇంటర్వ్యూకి రండి అని మూడు ముక్కల్లో రాసి ఉంది. ఆమె మూడోసారి చదవబోతుంటే వదిన చేతిలోంచి లాక్కుని, కళ్లజోడు సర్దుకుని, తనూ చదివి, ఇందులో భయపడాల్సిన మాట ఒక్కటీ లేదే అని తేల్చేసింది.

మరదలంటే ఆవిడకే మరదలు. కానీ ఆ ఇంట్లో పెత్తనం వదినది కాబట్టి ఆవిడ పిలిచిన పిలుపే అందరి నోళ్లలోనూ స్థిరపడిపోయింది. పై వాటాలో వాళ్లు, ఉత్తరాలు తెచ్చేవాడు కూడా "మరదలు గారూ" అనే పిలుస్తారు. వదిన ఆమె భర్తకు పదిహేనేళ్లు పెద్దదైన అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి చంక దించకుండా పెంచింది, తను మాత్రం పెళ్లి మాట ఎత్తనివ్వలేదు. ముప్పై ఏళ్లు ఒక సినిమా హాల్లో టికెట్ల కౌంటరులో కూర్చుని, ఆ హాలు మూతపడ్డాక ఇంటిపట్టున ఉంటోంది. యాభై తొమ్మిదేళ్లు వచ్చినా ఆవిడ గొంతు ఇప్పటికీ అద్దం అవతలి మనిషికి వినబడాలన్నట్టు ఖంగుమంటుంది.

మరదలు పదకొండేళ్లు జిరాక్సులు తీసి, పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణంలో పనిచేసింది. ఎవరి రాత ఎంత కోడిగీతల్లా ఉన్నా చదివేసేది. వందల కాగితాలు కలగాపులగమైపోయినా కాసేపట్లో వరస పెట్టేసేది. యజమానికి వయసు మీదపడి కొట్టు కట్టేశాక, ఆర్నెల్లు సాయంత్రం క్లాసులకు వెళ్లి ఆస్పత్రి ఆఫీసు పని నేర్చుకుంది. ఫైళ్లు, అపాయింట్‌మెంట్లు, రోగాల పేర్లు, మందుల పేర్లు అన్నీ వంటబట్టాయి. మార్కులూ బాగానే వచ్చాయి. చిక్కల్లా ఇంటర్వ్యూలతోనే. మొదటిచోట పెద్ద డాక్టరు ఒక ఫారం చేతికిస్తే, పాత అలవాటు కొద్దీ, "ఎన్ని కాపీలండీ?" అని అడిగేసింది. రెండోచోట మీ గురించి చెప్పండి అన్నారు. భర్త చేసే లిఫ్టుల రిపేరు పని గురించి, కాలేజీకెళ్లే కూతురి గురించి, వదిన మోకాళ్ల గురించి అయిదు నిమిషాలు చెప్పి, అంతేనండీ అని లేచి వచ్చేసింది.

ఆ ముచ్చట గుర్తొస్తే వదిన ఇప్పటికీ పొట్ట పట్టుకుని నవ్వుతుంది. నా మోకాళ్లకి ఉద్యోగం ఏమన్నా ఇస్తామన్నారా అని అడుగుతుంది.

ఈసారి మాత్రం వదిన ఆ పని తన నెత్తినేసుకుంది. మంగళవారం పొద్దున్నే భోజనాల బల్లను ఈడ్చి హాలుకి అడ్డంగా వేయించింది. బల్లకి అవతలి పక్క కుర్చీలో మరదలు. వీధి గుమ్మం అవతల వదిన, పేషెంటు. కూతురు కాలేజీకి వెళ్లేముందు తన పాత లాప్‌టాప్‌లో అపాయింట్‌మెంట్ల పట్టిక ఒకటి గీసి పెట్టింది. పేరు, వయసు, ఫోను నంబరు, వచ్చిన కారణం, చూడాల్సిన డాక్టరు, టైము. ఆరు గళ్లు. ఆయన పనికి బయల్దేరుతూ గుమ్మంలో నిలబడ్డ అక్కను చూసి, ఏంటక్కా బయట నిలబడ్డావు అన్నాడు. "నా నంబరు ఇంకా రాలేదురా," అంది వదిన, మొహంలో నవ్వు కనబడనివ్వకుండా.

మొదటి మూడు రోజుల్లో ఆ ఇంటికి ఎంతమంది రోగులు వచ్చారో లెక్కలేదు. చెవుడున్న ముసలాయన వచ్చాడు. డాక్టరు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు, నేను లైన్లో నిలబడనంటూ ఒకాయన వచ్చాడు. అపాయింట్‌మెంటు నిన్నటిది, వచ్చింది ఇవాళ, తప్పు మాత్రం మీదేనంటూ ఒకావిడ దెబ్బలాటకు దిగింది. కొడుక్కి జ్వరమని చెప్పి కళ్లనీళ్లు పెట్టుకున్న తల్లిని చూసి మరదలు నిజంగానే మంచినీళ్లు తేవడానికి లేచింది. వదిన ఒక్కో మనిషికి ఒక్కో గొంతు పెట్టేది, ఒక్కో నడక నడిచేది. ముప్పై ఏళ్లు కౌంటరు కన్నంలోంచి చూసిన మొహాలన్నీ ఆవిడ దగ్గర భద్రంగా ఉన్నాయి.

ఆట అయిపోయాక తప్పులు చెప్పేది. నువ్వు మొహం చూడకుండా తెర చూస్తున్నావు, మనిషి నీ నెత్తితో మాట్లాడాల్సొస్తోంది అంది మొదటిరోజు. రెండో రోజు, కోపంగా ఉన్నవాడితో నువ్వు త్వరత్వరగా మాట్లాడుతున్నావు, వాడు ఎంత గట్టిగా అరిస్తే నువ్వు అంత నెమ్మదిగా మాట్లాడాలి, కొత్త సినిమా విడుదలైన రోజున మా హాలు అద్దం పగలకుండా నిలిచింది ఈ ఒక్క కిటుకుతోనే అంది. మరదలు అన్నీ ఒక పుస్తకంలో రాసుకునేది. మూడో రోజుకి, మీ గురించి చెప్పండి అంటే తన గురించే చెప్పడం అలవాటైంది. మొదట్లో రెండు వాక్యాలకే మాట అడుగంటిపోయేది. తర్వాత దుకాణంలో జరిగిన సంగతులు ఒకటొకటే గుర్తొచ్చాయి. మూడొందల పేజీల పరిశోధన పుస్తకంలో ఒక పేజీ రెండుసార్లు వచ్చి, ఒక పేజీ అసలు లేదని తనే కనిపెట్టిన సంగతి చెబితే వదిన, "ఇంత పని చేశావని ఇన్నేళ్లూ మాకు చెప్పలేదేం?" అంది.

నాలుగో రోజు శుక్రవారం. మధ్యాహ్నం నాలుగవుతోంది. కూతురు ఇంకా రాలేదు, ఆయన ఎక్కడో ఎనిమిదంతస్తుల మేడలో ఆగిపోయిన లిఫ్టు దగ్గర ఉన్నాడు. అప్పటికి ఇద్దరు పేషెంట్లు వచ్చి వెళ్లారు. వదిన మళ్లీ గుమ్మం బయటికి వెళ్లి, లోపలికి రావడానికి మామూలు కంటే ఎక్కువసేపు తీసుకుంది. వచ్చి, బల్లకు ఇవతల కుర్చీలో ఊరికే కూర్చుంది. ఏ గొంతూ పెట్టలేదు, ఏ నడకా నడవలేదు.

మరదలు నేర్చుకున్న పద్ధతిలోనే మొదలుపెట్టింది. మొహం చూసి, నమస్కారం చెప్పి, వయసు అడిగింది. యాభై తొమ్మిది అంది వదిన. పేషెంటుకి తన వయసే పెట్టుకుందేమిటి అనుకుంటూనే మరదలు గడి నింపింది.

"వచ్చిన కారణం చెప్తారాండీ?"

వదిన కిటికీ వైపు చూస్తోంది. "నెలసరి ఆగిపోయి ఎనిమిదేళ్లయింది," అంది నెమ్మదిగా. "రెండు నెలల నుంచీ మళ్లీ కనిపిస్తోంది. రోజూ కాదు. అప్పుడప్పుడు."

మరదలి వేళ్లు అక్షరాల మీదే ఆగిపోయాయి. ఇది నాటకం కాదని తెలియడానికి ఆమెకు ఒక్క క్షణం చాలింది. ఆవిడ గొంతులో ఆ ఖంగుమనడం లేదు. రెండు నెలలుగా ఆవిడ స్నానాల గదిలో ఎక్కువసేపు ఉంటోందని, బట్టలు తనే ఉతుక్కుంటోందని, ముదురు రంగులవి తప్ప కట్టడం లేదని ఒక్కసారిగా అన్నీ కళ్లముందుకొచ్చాయి. వదినా అని పిలవబోయి మాట మింగేసింది. ఇప్పుడు వదినా అంటే ఆవిడ నవ్వేసి, ఊరికే అన్నాలే, బాగా చేశావు అని లేచి వెళ్లిపోతుంది. ఆ కుర్చీలో పేషెంటుగా కూర్చుంటే తప్ప ఆవిడకు ఆ మాట నోట్లోంచి రాలేదు. ఆ కుర్చీని అలాగే ఉండనివ్వాలి.

ఏం కాదులెండి అనే మాట అసిస్టెంటు నోట రాకూడదని క్లాసులో చెప్పిన మేడమ్ రోజుకి రెండుసార్లు అనేది. అది చెప్పాల్సింది డాక్టరు. మనం అడగాల్సింది అడగాలి, రాయాల్సింది రాయాలి, త్వరగా చూపించాల్సినవాళ్లను త్వరగా చూపించాలి. అంతే.

"నొప్పి ఏమైనా ఉందాండీ?" అంది మరదలు.

లేదంది వదిన.

"వేరే మందులేమైనా వాడుతున్నారా?"

బీపీ మాత్ర ఒకటి అంది వదిన. అది మరదలికీ తెలుసు, రోజూ గుర్తుచేసేది తనే. అయినా రాసింది.

"ఇలాంటివి ఆలస్యం చేయకుండా చూపించుకోవాలండీ. ఆడ డాక్టరు దగ్గర రేపు పొద్దున పదిన్నరకు రాస్తాను. మీకు వీలవుతుందా?"

వదిన అప్పుడు ఆమె వైపు తిరిగింది. "మీ ఆఫీసులో అందరికీ తెలుస్తుందా ఇది?"

"డాక్టరుకి తప్ప తెలియదండీ."

"మీ ఇంట్లో వాళ్లకి?"

"మా ఇంట్లో వాళ్లకి కూడా తెలియదు. మీరే చెప్పుకోవాలి, మీకు చెప్పాలనిపించినప్పుడు."

వదిన తల ఊపింది. మరదలు వచ్చిన కారణం గడిలో రాసినదాన్ని ఒక కాగితం మీదికి ఎక్కించుకుని, లాప్‌టాప్‌లో మాత్రం చెరిపేసింది. సాయంత్రం కూతురు దాన్ని తెరుస్తుంది కదా. వదిన ఆ చెరపడం చూసింది. లేచి వంటింట్లోకి వెళ్లి ఇద్దరికీ టీ పెట్టుకొచ్చింది. టీ తాగుతూ, తమ్ముడికి తెలిస్తే ఆ రోజు నుంచి వాడు ఏ లిఫ్టు బిగించినా తిన్నగా బిగించలేడని, చిన్నప్పుడు తనకు జ్వరమొస్తే మంచం కోడు పట్టుకుని కూర్చునేవాడని చెప్పింది. అయినా వాడితో ఇలాంటి మాట ఎలా చెప్పను అంది. మరదలు వింది. తర్వాత డాబా మీదికి వెళ్లి, నిజంగానే ఒక ఆడ డాక్టరు క్లినిక్‌కి ఫోన్ చేసింది. పదిన్నరకు కుదరలేదు, పదకొండుంపావుకి దొరికింది.

శనివారం ఇంటర్వ్యూకి బట్టలు కొనుక్కురావాలని చెప్పి ఇద్దరూ బయల్దేరారు. ఆ క్లినిక్‌లో గోడవారగా పదీపన్నెండు కుర్చీలు, దాదాపు అన్నీ నిండి ఉన్నాయి. కౌంటరులో ఒక అమ్మాయి, ఒక చెవికి ఫోను, రెండో చేత్తో కంప్యూటరు. పేరు, వయసు అడిగి, తల ఎత్తకుండానే, "ప్రాబ్లమేంటమ్మా?" అంది. గట్టిగానే అంది. కుర్చీల్లో ఉన్నవాళ్లందరూ, వినాలని కాకపోయినా, అటు చూశారు.

నిండిన హాలు ముందు వందమందితో వాదించిన వదినకు నోరు పెగల్లేదు. కౌంటరు అంచు పట్టుకుని నిలబడిపోయింది. మరదలు ముందుకొచ్చి, ఒక చిన్న కాగితం, పెన్ను ఇస్తారా అని అడిగింది. ముందురోజు అడిగినవన్నీ నాలుగు వరసల్లో రాసి, కాగితం మడిచి లోపలికి జరిపింది. ఆ అమ్మాయి విప్పి చదివింది. ఫోను పక్కన పెట్టేసింది. తల ఎత్తి వదినను చూసి, ఈసారి గొంతు తగ్గించి, ఫ్యాను కింద కూర్చోండమ్మా, నేనే వచ్చి పిలుస్తాను అంది. చెడ్డపిల్ల కాదు. ఒక్కతే, చేతినిండా పని.

డాక్టరు తక్కువ మాట్లాడే మనిషి. స్కాన్ చేసి, లోపల చిన్న కండలాంటిది పెరిగిందని, పాలిప్ అంటారని చెప్పింది. ఎక్కువమందిలో ఇది హాని చేసేది కాదు, కానీ పరీక్షకు పంపకుండా ఆ మాట నేను అనను అంది. కొంచెం ముక్క తీసి పంపింది. రిపోర్టు గురువారం సాయంత్రమో, శుక్రవారమో వస్తుందంది. బయటికొచ్చాక వదిన వీధి మలుపు దాకా నడిచింది. మలుపులో ఆగి, "ఆవిడ నాకు నచ్చింది. ఉన్నదున్నట్టు చెప్పింది," అంది.

ఇంటికొచ్చేసరికి ఆయన ఉన్నాడు. బట్టలేవి అన్నాడు. ఏవీ నచ్చలేదంది వదిన, కనురెప్ప వేయకుండా. ఇద్దరాడవాళ్లు మూడు గంటలు తిరిగి వట్టి చేతులతో రావడం తన జన్మలో చూడలేదన్నాడాయన. ఆ వింత రెండు రోజులు తలచుకున్నాడు గానీ, అక్క మాటను అనుమానించడం ఆయనకు పుట్టుకతో రాలేదు.

ఆదివారం బల్ల గోడవారకు వెళ్లిపోయింది. ఇంక ఈ ప్రాక్టీసు వద్దేమో, ఇంటర్వ్యూ ఇంకోసారి చూసుకుందాం అనుకుని, సోమవారం మరదలు ఆ మాటే చెప్పబోయింది. వదిన వినలేదు. "నువ్వు ఆపేస్తే నేను కూర్చుని అదే ఆలోచిస్తాను. కౌంటరు తెరువు, మరదలు పిల్లా," అంది. బల్ల మళ్లీ అడ్డంగా వచ్చింది. ఆ రోజు వచ్చిన మొదటి పేషెంటుకి పన్ను నొప్పి. మాట అర్థంకాకుండా దవడ పట్టుకుని వదిన అరగంట సతాయించింది. మరదలు ఎంతో ఓర్పుగా అన్నీ విని, చివరకు, ఇది పళ్ల డాక్టరున్న క్లినిక్ కాదండీ అని చెప్పింది. ఇద్దరికీ నవ్వాగలేదు. కాలేజీ నుంచి వచ్చిన కూతురు గుమ్మంలో నిలబడి, మీరిద్దరూ పని చేస్తున్నారా లేక ఆడుకుంటున్నారా అంది.

గురువారం వచ్చింది. రిపోర్టు రాలేదు. ఉతికి ఇస్త్రీ చేసిన పాత బట్టలే వేసుకుని, సర్టిఫికెట్లన్నీ తనే బైండింగ్ చేసుకున్న ఒక పుస్తకంలా పట్టుకుని మరదలు పదిన్నరకే చేరింది. ఫోను రిపోర్టు కోసం వదిన దగ్గర వదిలేసి వచ్చింది, లేకపోతే ధ్యాసంతా దాని మీదే ఉండేది.

లోపల ఇద్దరున్నారు. ఒకరు తెల్లజుట్టు పెద్ద డాక్టరు, ఇంకొకరు ఆఫీసు పనంతా చూసే మేనేజరు మేడమ్. మేనేజరు సన్నగా, నిటారుగా కూర్చుని, ప్రతి జవాబుకీ ఒక చిన్న టిక్కు పెట్టుకుంటోంది. మీ గురించి చెప్పండి అన్నారు. మరదలు తన గురించే చెప్పింది. రెండుసార్లు వచ్చిన పేజీ కథ విని డాక్టరు, తన రాత అసిస్టెంట్లు ఎవరూ చదవలేకపోతున్నారంటూ ఒక చీటీ ముందుకు తోశాడు. ఆమె మందుల పేర్లు రెండూ చదివింది. మూడో వరస దగ్గర ఆగి, ఈ అంకె ఏడు కావచ్చు, ఒకటి కూడా కావచ్చు, నేనైతే మిమ్మల్ని అడక్కుండా పంపను అంది. డాక్టరు చీటీ తీసుకుని తనే కాసేపు చూసి, ఒకటి అన్నాడు.

అన్నీ అలా సాగలేదు. బీమా కంపెనీలకు పంపే కాగితాల గురించి మేనేజరు అడిగిన రెండు ప్రశ్నలకు ఆమెకు జవాబు తెలియలేదు. తెలియదండీ, నేర్చుకోవాలి అంది. మేనేజరు టిక్కు పెట్టలేదు. మరదలి చెవులు వేడెక్కాయి. అయినా లేచి పారిపోవాలనిపించలేదు. ఈ వారంలో అంతకంటే కష్టమైన కుర్చీ ముందు కూర్చుంది కదా.

చివరగా మేనేజరు కాగితం తిప్పింది. "రహస్యంగా ఉంచాల్సిన విషయం ఎప్పుడైనా మీ చేతికొచ్చిందా? ఒక ఉదాహరణ చెప్పండి."

"వచ్చిందండీ," అంది మరదలు. అని ఆగిపోయింది.

ఇద్దరూ ఎదురుచూస్తున్నారు. చెబితే మంచి ఉదాహరణ. చేసిన ప్రతి పనీ పుస్తకంలో ఉన్నట్టే ఉంటుంది. టిక్కు ఖాయం.

"కానీ అది చెప్పలేనండీ."

"పేరు లేకుండా చెప్పచ్చు," అంది మేనేజరు.

"నాకు తెలిసినవాళ్లే తక్కువమందండీ. పేరు తీసేసినా ఎవరో తెలిసిపోతుంది." తన మాట తనకే పెళుసుగా వినిపించి, సర్దుకుంది. "ఒకటి మాత్రం చెప్తాను. ఆ సంగతి ఎవరికి చేరాలో వాళ్లకి చేర్చాను. మిగతాచోట చెరిపేశాను."

డాక్టరు నవ్వాడు. మేనేజరు నవ్వలేదు గానీ పెన్ను కింద పెట్టింది. మా కౌంటరు చూశారు కదా, ఏమైనా మార్చాలనిపించిందా అని అడిగింది. వచ్చిన కారణం పైకి అడగకుండా కాగితం మీద రాయమంటే బాగుంటుందని మరదలు చెప్పింది. అందరూ రాయలేరు కదా అంది మేనేజరు. రాయలేనివాళ్లను పక్కకి పిలిచి అడగాలండీ, రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది అంది మరదలు. రద్దీ వేళలో ఆ రెండు నిమిషాలు ఎక్కడివని మేనేజరు, ఎలాగో సర్దచ్చని ఆమె, కొంతసేపు నిజంగానే ఆ పని గురించి మాట్లాడుకున్నారు. బయటికొచ్చి చూసుకుంటే నలభై నిమిషాలు గడిచాయి.

రిపోర్టు శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు వచ్చింది. ఫోన్ మోగేసరికి మరదలు వంటింట్లో ఉంది. వదినే ఎత్తింది. ఊఁ, ఊఁ అంటూ వింది. సరేనండి అని పెట్టేసి, వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

"చెడ్డదేం కాదట. పాలిప్ తీసేస్తే సరిపోతుందట. పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయచ్చు."

మరదలు పొయ్యి ఆపింది. వారం రోజులుగా కదలకుండా పట్టుకున్నదేదో ఇప్పుడు వదిలేసింది. వదిన వచ్చి తల మీద చెయ్యి వేసింది. ఏడ్చింది మరదలే. వదిన మాత్రం ఆకలిగా ఉందంది.

ఆ సాయంత్రం తమ్ముడు వచ్చి చేతులు కడుక్కుని కూర్చున్నాక వదిన తనే చెప్పింది. ఆడవాళ్ల సమస్య అని మొదలుపెట్టి, రెండు ముక్కల్లో ముగించింది. మరదలు వంటింట్లోనే ఉండిపోయింది, అది తను చెప్పాల్సిన మాట కాదు కాబట్టి. ఆయన కంచం పక్కకి జరిపాడు. నాకెందుకు చెప్పలేదక్కా అన్నాడు. చెప్పుంటే నువ్వేం చేసేవాడివిరా అంది. భయపడేవాణ్ణి అన్నాడు. అందుకే చెప్పలేదంది. ఆయనకు కొంచెం కష్టంగానే ఉంది. లిఫ్టు ఆగిపోయాక గానీ ఎవరూ మమ్మల్ని పిలవరు, ఇంట్లో కూడా అంతేనన్నమాట అని గొణిగాడు. కానీ పాలిప్ తీయించుకునే రోజున సెలవు పెట్టి, పొద్దున ఆరింటికే తయారై కూర్చుంది ఆయనే. అక్కను క్లినిక్‌లో దింపి, అక్కడి లిఫ్టు చప్పుడు చేస్తోందని గమనించి, ఆవిడ బయటికొచ్చేలోగా దాన్ని ఎవరు చూస్తారో కనుక్కుని వాళ్లకి ఫోన్ చేసి క్లాసు పీకాడు. అలా ఆ నాలుగ్గంటలూ గడిపాడు.

ఇంటర్వ్యూకి వెళ్లిన క్లినిక్ నుంచి ఫోను తర్వాతి మంగళవారం వచ్చింది. మేనేజరు స్వయంగా చేసింది. కౌంటరు ఉద్యోగానికి నాలుగేళ్ల అనుభవమున్న ఇంకొకరిని తీసుకున్నారట. మరదలు అలాగేనండీ అనబోతుంటే ఆవిడ ఆగమంది. ఫైళ్ల గదిలో పాతికేళ్ల కాగితాలు పేరుకుపోయి ఉన్నాయి, వాటిని వరస పెట్టి కంప్యూటరులోకి ఎక్కించడానికి ఒకరు కావాలి. వారంలో నాలుగు రోజులు అది, రెండు రోజులు కౌంటరు. బీమా కాగితాల పని నేర్పించే పూచీ నాది అంది. ఇష్టమేనా అని అడిగింది.

మరదలు ఇష్టమేనంది. ఫోన్ పెట్టాక ఆ గది గురించే ఎక్కువసేపు ఆలోచించింది. పాతికేళ్ల కాగితాలు, కలగాపులగంగా. తలచుకుంటేనే ఆమెకు చేతులు దురదపెట్టాయి.

మొదటిరోజు సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి ముగ్గురూ కాచుకుని ఉన్నారు. కూతురు సంచి అందుకుంది. ఆయన కుర్చీ ఎలా ఉంది, నడుముకి ఆనుతుందా అని అడిగాడు. వదిన మాత్రం ఎదురుగా కూర్చుని, హాలు మూతపడ్డాక మళ్లీ ఇన్నాళ్లకు కౌంటరు కబుర్లు వినబోతున్న మొహంతో, మొదలుపెట్టు, ఎవరెవరొచ్చారు, ఏమన్నారు అంది.

"చాలామంది వచ్చారు వదినా."

"ఊఁ?"

"వెళ్లారు."

వదిన ముందుకు వంగింది. నాకు కూడానా అంది. నీకు కూడా అంది మరదలు. అంతా నేను నేర్పిన చదువే, నా నెత్తినే పడింది అని వదిన లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. లోపల్నుంచి ఆవిడ నవ్వు వినిపిస్తూనే ఉంది. మరదలు చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుని, ఫైళ్ల గది గురించి మొదలుపెట్టింది. ఒక బీరువాలో 'చ' దగ్గర పెట్టాల్సినవన్నీ 'జ' దగ్గర పెట్టేసి ఉన్నాయట, ఎవరు పెట్టారో గానీ ఎంతో శ్రద్ధగా, ఒక్కటీ వదలకుండా. ఇంట్లోవాళ్లకు అందులో ఏమంత ముచ్చట కనబడలేదు గానీ, ఆమె చెప్పే తీరు చూసి విన్నారు.